మాన్పించే మందు

మా వైపు జ్వరానికి వేసుకునేదీ మందే, సారా దుకాణంలో తాగేదీ మందే, పత్తిచేనుకు పురుగు పట్టకుండా కొట్టేదీ మందే. ఎవరైనా వచ్చి "ఫలానాయన మందు తాగిండు" అంటే ముందు చెప్పినవాళ్ల ముఖం చూడాలి. నవ్వుతూ చెబితే ఒకటి, ఏడుస్తూ చెబితే ఇంకొకటి. ఇవి చాలవన్నట్టు, గిట్టనివాళ్లకు తిండిలో కలిపి చంపడాన్ని మందు పెట్టడం అంటారు. ఇన్ని మందుల మధ్య ఒకసారి నా భర్త ప్రాణం ఇరుక్కుంది. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి.

అప్పటికి మేం భూపాలపల్లిలో ఉండేవాళ్లం. ఆయన బొగ్గుబావిలో కార్మికుడు. నేను క్వార్టర్లో కూర్చుని జాకెట్లు కుట్టేదాన్ని. ఒకసారి బావి లోపల బొగ్గు మోసే టబ్బు జారి ఆయన నడుముకు కొట్టింది. ఎముక విరగలేదు గానీ నొప్పి మాత్రం పోనంది. డ్యూటీ పోతే ఎట్లా అని ఒక మందుల దుకాణంలో నొప్పి సూది వేయించుకోవడం మొదలుపెట్టాడు. పెంటాజోసిన్ అంటారట దాన్ని. నల్లమందు ఏ పని చేస్తుందో ఇదీ ఆ పనే చేస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట్లో నొప్పి ఉన్నరోజే సూది. తర్వాత డ్యూటీ ఉన్నప్పుడల్లా. ఆ తర్వాత సూది కోసమే తెల్లవారేది. చివరికి తనే తొడకు గుచ్చుకునేవాడు. పొడిచి పొడిచి ఆ తొడలు చెక్కలా గట్టిపడ్డాయి.

తాగుబోతు మొగుడైతే వాడంతా వచ్చి జాలి పడుతుంది. సూది మొగుడికి ఆ భాగ్యం కూడా లేదు. "నొప్పికి సూది వేసుకుంటే నీకేం బాధ?" అన్నవాళ్లే ఎక్కువ. ఒక్కపూట సూది దొరక్కపోతే ఆయన ముక్కు కారుతూ, ఆవలిస్తూ, ఒళ్లంతా గగుర్పొడిచి, కాళ్లు గోడకేసి తన్నుకుంటూ పడి ఉండడం వాళ్లు చూడలేదు. నేను చూశాను. చూసి కోపంతో ఒకసారి కుట్టుమిషన్ కత్తెర గోడకు విసిరికొట్టాను కూడా.

ఎవరో చెబితే జనగామ పోయినాం. హైదరాబాద్ నుంచి వారానికొకసారి ఒక మానసిక వైద్యుడు వచ్చి, స్టేషన్‌కు దగ్గరలో ఒక మేడ మీద గదిలో రోగులను చూసేవాడు. పైకి పోతే పిచ్చోడంటారని మా ఆయన మెట్ల కింద నిలబడి బీడీ మీద బీడీ కాల్చాడు. నేను ముందు ఎక్కేశాను. ఇక తప్పక వెనకాలే వచ్చాడు.

ఆ డాక్టర్ తిట్టలేదు. దేశంలో దీనికి ఉన్న మందులు చెబుతాను, మీరే ఆలోచించుకోండి అన్నాడు. నాకు అర్థమైనంత వరకు ఆయన చెప్పింది ఇది. మన ఒంట్లో ఈ సూది మందు పోయి కూర్చునే చోట్లు కొన్ని ఉంటాయి. నాల్‌ట్రెక్సోన్ అనే గోలీ ఆ చోట్లకు తాళం వేస్తుంది. రోజూ దాన్ని మింగితే సూది పొడుచుకున్నా ఎక్కదు. దానిలో మత్తు లేదు, అదొక అలవాటుగా మారదు. కానీ అది మొదలుపెట్టే ముందు వారం పది రోజులు ఒంట్లో ఇలాంటి మందు చుక్క కూడా ఉండకూడదు. ఉండగా మింగితే, కూర్చున్నవాళ్లను మెడ పట్టి ఒక్కసారిగా గెంటినట్టు అవుతుంది. ఆ బాధ మామూలుగా ఉండదు. పైగా అది తాళం వేస్తుందే తప్ప, సూది మీద మనసును పూర్తిగా చంపదు. మింగడం మానేసిన కొన్నాళ్లకే తాళం ఊడిపోతుంది.

రెండోది బుప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాలి. ఇది సూది మందు జాతిదే, ఆ చోట్లలోనే పోయి కూర్చుంటుంది. కాకపోతే గోల చెయ్యకుండా కూర్చుంటుంది. వణుకు ఉండదు, యావ తగ్గుతుంది, మనిషి పనికి పోగలడు. అయితే రోజూ కావాలి, నెలలో ఏండ్లో చెప్పలేం, చటుక్కున ఆపితే మళ్లీ బాధే. మందుల షాపుల్లో దొరకదు, తన దగ్గరే తీసుకోవాలి. మెథడోన్ అని మూడోది కూడా ఉందట గానీ అది మన వైపు ఇంకా రాలేదన్నాడు. వీటిలో ఏది గొప్పదని నేను అడిగాను. ఏది రోజూ వదలకుండా వేసుకోగలిగితే అదే మీకు గొప్పదన్నాడు.

మా ఆయన ఆలోచించనే లేదు. తాళం గోలీ అన్నాడు. మత్తు దిగడానికి మళ్లీ మత్తు జాతి మందేంది, సిగ్గుచేటు అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది. షాపులో ఆ గోలీల పట్టీ కొనుక్కుని భూపాలపల్లి వచ్చినాం. వారం రోజులు సూది లేకుండా ఉంటే కదా అది మింగేది! వారం కాదు, మూడోరోజే ఆ దుకాణం వెనక కనిపించాడు. గోలీల పట్టీ విప్పకుండానే నా సంచిలో అడుగున పడిపోయింది.

మళ్లీ జనగామ పోతే డాక్టర్ రెండోది మొదలుపెట్టాడు. ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో మనిషి మళ్లీ మనిషిలా తిరిగాడు. అన్నం రెండోసారి పెట్టమన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి గడప దగ్గర కూర్చుని పక్కింటి వాళ్లతో పంచాయితీలు పెట్టుకున్నాడు. ఆ పంచాయితీలు విని నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. కానీ పొద్దున గోలీ నాలుక కింద పెట్టుకునేటప్పుడు మాత్రం గోడ వైపు తిరిగేవాడు. అది కరిగేదాకా ఆయన మాట్లాడకూడదు, ఆ కాసేపూ సిగ్గుతో చచ్చిపోతున్నట్టు కనిపించేవాడు. కరిగాక ఎప్పుడూ ఒకే మాట. "మీ బాపును చూడు. ఏ గోలీ మింగిండని మానిండు?"

మా బాపు సంగతి చెప్పాలి. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఆయన ఇండ్లు కట్టే మేస్త్రి. నా చిన్నప్పుడు ఘోరంగా తాగేవాడు. ఒక ఏడు కురవి పోయి ఇక తాగనని వీరభద్రస్వామికి మొక్కి వచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడు తాగినా ముఖం ఎర్రగా కందిపోయి, గుండె దడదడ కొట్టుకుని, పేగులు బయటకొచ్చేట్టు వాంతి అయ్యేది. స్వామి నా కడుపులో కూర్చున్నాడు, చుక్క పోనివ్వడు అని బాపు చెప్పేవాడు. అట్లా మానేశాడు. అప్పటినుంచి పెండ్లిళ్లలో, పంచాయితీల్లో, చివరికి సమ్మె శిబిరంలో కూడా ఆ కథ చెప్పేవాడు. కథ చివర తప్పకుండా "మొగోడు అనుకుంటే ఎంతసేపు" అనేవాడు. వాడకట్టులో తాగుబోతుల పెండ్లాలు తమ మొగుళ్లను తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేవాళ్లు. మా ఆయనకు బాపు అంటే భక్తి.

సమ్మెతో బావులు బందయ్యాయి. బస్సులు ఆగిపోయాయి, రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. పనిలేని మొగోళ్లంతా భూపాలపల్లి సెంటర్‌లో కూర్చుంటున్నారు. ఆ సెంటర్‌లోనే సూది దుకాణం కూడా ఉంది. నాకు మనసు నిలవలేదు. జనగామ డాక్టర్ సమ్మె సంగతి తెలిసి గోలీలు కొంచెం ఎక్కువే ఇచ్చి ఉన్నాడు. అవి పట్టుకుని, తెలిసినవాళ్ల బండి మీద, ఊరూరా రాస్తారోకోల దగ్గర దిగుతూ ఎక్కుతూ మానుకోట చేరినాం. మా అమ్మగారింట్లో ఉంటే ఆయన కంటి ముందుంటాడని నా ధైర్యం.

అమ్మ సంచి సర్దుతూ రెండు రకాల గోలీలు చూసి, ఇవేంటని అడిగింది. నేను పొయ్యి దగ్గర తొందరలో ఉన్నాను. నాలుక కింద పెట్టేది చూపించి, ఇది మనిషిని నడిపించే మందు, రోజూ వేసుకుంటాడు అన్నాను. పట్టీలో ఉన్నది చూపించి, అది మాన్పించే మందు, దాన్ని మొదలుపెట్టలేకపోయాడు, పక్కన పెట్టినాం అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ నాలుక కింద గోలీ కూడా మత్తు జాతిదేనా అని మాత్రం తర్వాత ఒకసారి మెల్లగా అడిగింది. జాతి అదేనమ్మా అన్నాను.

మా వైపు ఆడవాళ్లకు మాన్పించే మందు అనే మాట కొత్త కాదు. తాగే మొగుడికి తెలియకుండా కూరలోనో చారులోనో నూరి కలిపే గోలీ ఒకటి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులై, గుండె దడ పట్టి, సారా అంటేనే భయం పుడుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చని డాక్టర్లు అంటారు గానీ, ఆ మాట వినే ఓపిక తాగుబోతు పెండ్లానికి ఎక్కడుంటుంది? దానికి ఒక్కటే కట్టుబాటు. తాగేవాడికి చెప్పకూడదు. చెబితే పనిచెయ్యదని నమ్మకం. అది సారాకు సంబంధించిన మందు, దీనికీ దానికీ పోలికే లేదు. కానీ పేరు ఒకటే అయిపోయింది. నేనే ఆ పేరు పెట్టాను కాబట్టి అమ్మకు అనుమానం రావడానికి సందు లేదు.

దాచిపెట్టి ఆడే ఆట నాకు చేతకాదు, అందుకే ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ రోజు పొద్దున మా ఆయన ఎప్పటిలాగే గోడవైపు తిరిగి నాలుక కింద గోలీ పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అమ్మ పట్టీలోంచి తాళం గోలీ తీసి, నూరి, ఆయన చారులో కలిపింది. ఈ సంగతి ఆ పూట ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు. సమ్మెలో భాగంగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, బంతి కూర్చుని తినడం. బాపు శిబిరంలో పెద్దమనిషి కాబట్టి మేమంతా అక్కడే ఉన్నాం. అల్లుడికి అందరితోపాటు ఆ నీళ్ల పప్పేంటని, అమ్మ ఇంటి నుంచి గిన్నెలో వేరే చారు తెచ్చి ఆయనకు పోసింది. అల్లుడి మర్యాద అని పక్కవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వుతూ రెండుసార్లు పోయించుకున్నాడు.

ఆకులు ఎత్తేలోపు ఆయన ఆవలించడం మొదలుపెట్టాడు. ఆ ఆవలింత నాకు తెలుసు. కాసేపటికి చెమటలు కారి చొక్కా తడిసిపోయింది. ముక్కు, కండ్లు ధారలు కడుతున్నాయి. లేచి నిలబడబోయి రోడ్డు మీదే వాంతి చేసుకున్నాడు, బట్టలు పాడుచేసుకున్నాడు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. జనం గుమిగూడారు. తిండిలో ఎవరో ఏదో కలిపారని ఒకరన్నారు. ఆ మాట అటు చివరకు పోయేసరికి తింటున్నవాళ్లు ఆకుల ముందు నుంచి లేచిపోయారు. పొయ్యిల దగ్గర ఉన్న వంటమనిషిని నలుగురు చుట్టుముట్టి నిలదీశారు.

నేను ఆయన చెవి దగ్గర వంగి, ఎక్కడ వేసుకున్నావు, ఎప్పుడు వేసుకున్నావు అని అడిగాను. సూది దొరికి, గోలీ ఎగ్గొట్టి ఉంటాడని నా అనుమానం. ఆయన పళ్లు టకటక కొట్టుకుంటుండగా "నేనేం తీస్కోలే. నీ మీద ఒట్టు" అన్నాడు. అంత బాధలోనూ ఆయన నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నిజం చెప్పినా నమ్మే దిక్కు లేనివాడి చూపు అది.

ఆటో దొరికింది. రోడ్డుకు అడ్డంగా ఉన్న రాళ్లు జనమే తీసి దారిచ్చారు. దవాఖానలో డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. మా ఆయన్ను చూడగానే మొదట అడిగిన మాట, "మందు తాగిండా?" అని. పత్తిచేను మందు అన్నమాట. ఆ చెమటలు, ఆ వాంతులు, విరేచనాలు, ఆ కండ్ల నీళ్లు చూసి మా జిల్లాలో ఏ డాక్టరైనా అదే అడుగుతాడు. అప్పటికే కాంపౌండర్ ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం తీస్తున్నాడు. ఉద్యమం కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న కాలం. వరండాలో ఎవరో మెల్లగా, తెలంగాణ కోసం తాగి ఉంటాడన్నారు.

డాక్టర్ టార్చి వేసి కండ్లు చూశాడు. చూసి ఆగిపోయాడు. పురుగుమందు అయితే కంటిపాప గుండుసూది మొనంత అవ్వాలి, ఇతనికి పెద్దగా విచ్చుకుని ఉంది అన్నాడు. పురుగుమందుకు ఇచ్చే సూది ఆ మందు తాగని మనిషికి ఇస్తే గుండె మీదికొస్తుంది, ఇవ్వకుండా ఆగితే, ఒకవేళ అదే అయితే మనిషి దక్కడు. నేను గబగబా నాలుక కింద గోలీ సంగతి చెప్పాను. అది పొద్దున వేసుకుంటే ఇప్పుడు ఇట్లా కావడానికి వీల్లేదన్నాడు. ఇంకేదో పోయింది ఈయన కడుపులోకి, ఏం పోయిందో తెలియాలి అని అందరి ముఖాలూ చూశాడు. మంచం మీద మా ఆయన గింజుకుంటున్నాడు, ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదు.

అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నోట్లో కొంగు కుక్కుకుంది. నేను ఏడుపనుకున్నాను. బాపు గుమ్మం దగ్గర, రోడ్డు మీద పడిపోయిన అల్లుడి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఒకసారి మంచం వైపు చూసింది, ఒకసారి బాపు వైపు చూసింది. అటు చూసి ఇటు చూసి, చివరికి కొంగు నోట్లోంచి తీసింది.

"మందు తాగలే సారు. నేనే పెట్టిన."

వరండాలో అందరూ అల్లుడికి మందు పెట్టిన అత్తను చూస్తున్నారు. ఒక ముసలామె దూరం జరిగింది. డాక్టర్ మాత్రం ఏం పెట్టారమ్మా అని నెమ్మదిగా అడిగాడు. అమ్మ కొంగు ముడి విప్పి పట్టీ తీసి ఇచ్చింది. మాన్పించే మందు, నూరి చారులో కలిపాను, మంచి కోసమే కలిపాను అంది. డాక్టర్ పేరు చదివి గట్టిగా ఊపిరి వదిలాడు. గొట్టం పక్కన పెట్టమన్నాడు. ఇట్లా కలపమని మీకు ఎవరు చెప్పారని అడిగాడు.

"ఎవరు చెప్తరు సారు. మా ఆయనకు కలపలేదా? గట్లనే కలిపిన. ఆయన మానలేదా?"

ఆ మాట నోరు జారిన సంగతి ఆమెకు ఒక క్షణం తర్వాత తెలిసింది. డోర్నకల్‌లో ఎవరో కాంపౌండర్ ఇచ్చిన గోలీలు ఆమె ఏండ్ల కింద నెలల తరబడి కలిపిందని, కురవి మొక్కు తర్వాత బాపు కక్కిందంతా ఆ గోలీల చలవేనని నాకూ అప్పుడే తెలిసింది. బాపు తన చేతిలోని చెప్పులు రెండూ గోడ పక్కన జతగా పెట్టి బయటికి పోయాడు.

డాక్టర్ జనగామ ఆయనతో ఫోన్‌లో మాట్లాడాడు. సెలైన్ ఎక్కించారు, వాంతికి, వణుకుకు మందులిచ్చారు. ఆ గోలీ దిగేదాకా ఓర్చుకోవడమే దారి అన్నారు. రెండు రోజులు నరకం చూశాడు. ఆయన కాళ్లు నా ఒడిలో పెట్టుకుని అదిమి పట్టి కూర్చున్నాను. అమ్మ మీద నాకు ఎంత కోపమంటే, ఆమె తెచ్చిన జావ గిన్నె కూడా ముట్టుకోలేదు. ఆమె మళ్లీ తెచ్చేది.

మూడోనాటికి ఆయన లేచి కూర్చున్నాడు. అత్త పొరపాటున కలిపిందని చెప్పినాం. ఆయన అత్తను ఏమీ అనలేదు. బాపు విషయం మాత్రం ఆయనకు తెలియదు, అప్పుడు ఆయన ఏదీ వినే స్థితిలో లేడు. ఇక ఏ మందూ వద్దన్నాడు. తాళం గోలీ వద్దు, నాలుక కింద గోలీ వద్దు. ఎట్లాగూ ఒంట్లోంచి అంతా గెంటేసింది కదా, ఇక్కడి నుంచి మామలాగా పట్టుదలతో మానేస్తాను అన్నాడు.

నేను జనగామ డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు మూడు దారులన్నాడు. కొద్ది రోజులు ఆగి నాలుక కింద గోలీ మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఆయనకు కుదిరిందని ముందే తేలింది. లేదంటే వారం పది రోజులు శుభ్రంగా ఉండి, ఈసారి తెలిసి తాళం గోలీ మింగొచ్చు. ఏదీ లేకుండా ఉండడం మూడో దారి. అన్నిటికంటే భయపడాల్సింది దానికేనట. ఒళ్లు ఇప్పుడు పాత అలవాటు మరిచిపోయి ఉంటుంది. మనసు ఆగక పాత లెక్కన సూది పొడుచుకుంటే ఊపిరి ఆగిపోవచ్చన్నాడు. ఆ మాటలు అట్లాగే మా ఆయనకు చెప్పాను. మీ బాపు ఊపిరి ఆగిందా అన్నాడు. బాపు సంగతి నాకు నోటి దాకా వచ్చింది. వెనక నిలబడ్డ అమ్మ నా జబ్బ గట్టిగా పట్టుకుంది. బయటికి తీసుకుపోయి, చెప్పకు బిడ్డా, ఆయనకున్నది ఆ ఒక్క గొప్పే, అది కూడా తీసేస్తే తల ఎత్తుకోలేడు అని బతిమాలింది.

బాపు దవాఖానకు రావడం లేదు, ఇంటికీ తిండికి రావడం లేదు. నేను శిబిరానికి పోయినాను. టెంటు కింద అందరి మధ్యలో కూర్చుని ఉన్నాడు. నేను పోయేసరికి ఎవరో కొత్తవాళ్లకు చూపిస్తూ, మేస్త్రీ, నీ వీరన్న ముచ్చట చెప్పు అంటున్నారు. బాపు గొంతు బాగలేదన్నాడు. నేను పక్కన కూర్చుని, మా ఆయన ఏ మందూ వద్దంటున్నాడని, నీలాగా మానుతాడట అని, డాక్టర్ చెప్పిన భయం ఏమిటో కూడా చెప్పాను. నువ్వే చెప్పరాదా అన్నాడు బాపు.

"నేను చెప్తే నమ్మడు బాపు. నీ ముచ్చట నువ్వు చెప్పాలె."

ఇంతలో ఎవరో జై తెలంగాణ అంటే అందరితోపాటు బాపు పిడికిలి ఎత్తాడు. నాకు మండిపోయింది. రాష్ట్రం కోసం ఇంత గొంతు చించుకునే మనిషికి ఇంట్లో ఒక్క మాటకు గొంతు పెగలడం లేదు. లేచి వచ్చేశాను.

దవాఖాన నుంచి పంపించే రోజు వచ్చింది. ఇక నాలుక కింద గోలీ మొదలుపెట్టొచ్చని జనగామ డాక్టర్ అప్పటికే చెప్పాడు. నా సంచిలో గోలీలు ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడడం కూడా లేదు. ఇంటికి పోయాక భూపాలపల్లి ఎప్పుడు పోదామని అడుగుతున్నాడు. నడుము పట్టుకుని మంచం దిగుతుంటే నొప్పికి ముఖం వంకరపోతోంది. ఆ నొప్పితో, ఏ ఆసరా లేకుండా ఈయన ఆ సెంటర్‌లోకి నడిచిపోవడం నాకు కండ్ల ముందు కనపడుతోంది. ఎన్నాళ్లు ఆగుతాడు? ఈయన్ను నేను పోగొట్టుకుంటున్నానని నాకు అర్థమైపోయింది.

అప్పుడు బాపు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. ఆటో తెచ్చానన్నాడు. అమ్మ పక్కకు తప్పుకుంది. మా ఆయన మామను చూడగానే లేచి కూర్చుని, చిన్నపిల్లవాడు పలక చూపించినట్టు గర్వంగా, గోలీలన్నీ పక్కన పడేశానని, ఇక మామ బాటేనని చెప్పాడు.

బాపు మంచం చివర కూర్చున్నాడు. కింద నేల చూస్తూ కూర్చున్నాడు. వాడంతా ఆయన గంభీరమైన గొంతు ఎరుగును. ఆ పూట వచ్చిన గొంతు అది కాదు.

"నా బాట లేదు అల్లుడా. నేను మానలే. నన్ను మాన్పించిన్రు."

మా ఆయనకు అర్థం కాలేదు. బాపు ఆగకుండా చెప్పేశాడు. తన కడుపులో కూర్చున్నది వీరన్న కాదని, అత్త కలిపిన గోలీ అని, అది తనకూ మొన్ననే తెలిసిందని, ఇన్నేండ్లు తన మొండితనమని ఊరంతా చెప్పుకు తిరిగానని చెప్పాడు. పక్క మంచాల వాళ్లు వింటున్నారు. వాళ్లలో శిబిరంలో ఈ కథ విన్నవాడు కూడా ఒకడున్నాడు. బాపు గొంతు తగ్గించలేదు.

"నాకు చెప్పి ఇచ్చుంటే మింగకపోతుంటి. మొగోన్ననే పొగరు. ఎప్పుడో సచ్చిపోదును. నీకైతే చెప్పే ఇస్తున్నరు గద బిడ్డా. ఏస్కో."

మా ఆయన నావైపు చెయ్యి చాపాడు. నేను గోలీ తీసి ఇచ్చాను. ఆయన గోడ వైపు తిరగలేదు, మా అందరి ముందే నాలుక కింద పెట్టుకున్నాడు. బాపు లేచి, ఆటో ఆగి ఉంది నడువుండ్రి అని, అమ్మ చేతిలో ఉన్న సంచి తను అందుకున్నాడు.